ఉపాధ్యాయుడు కౌన్సెలర్ కాగలడా? చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పాఠశాలలను గూర్చి ఒక పరిశీలన

"కౌన్సెలింగ్" అనే మాట మన ప్రాంతంలో మూడు అర్థాలలో వాడుకలో ఉంది. ఇంజనీరింగు సీటు కోసం కళాశాలల పేర్లు వరుసగా పెట్టుకోవడం ఒక కౌన్సెలింగ్. రౌడీషీటర్లను స్టేషనుకు పిలిపించి హెచ్చరించి పంపడం మరొకటి. పత్రికలలో తరచు చదువుతూనే ఉంటాము. మూడవది పాఠశాల స్టాఫ్ రూములో వినబడేది: "వాణ్ణి పిలిచి బాగా కౌన్సెలింగ్ ఇచ్చినాను సార్, ఇంక దారికొస్తాడు." ఈ మూడవ వాడుక రెండవదానికి చాలా దగ్గరగా ఉన్నదని పాఠకులు గమనించే ఉంటారు. ఇందులో కౌన్సెలింగ్ అనగా ఒకరు ఇచ్చేది, మరొకరు తలవంచుకొని పుచ్చుకొనేది. మన బి.ఎడ్. పాఠ్యగ్రంథాలు "మార్గదర్శకత్వం, మంత్రణం" అని జంటగా చెబుతాయి. మంత్రణం అంటే కలిసి ఆలోచించడం. మాట మంచిదే కాని అది పరీక్ష పత్రం దాటి తరగతి గదిలోకి రాలేదు.

ఉపాధ్యాయులకు ఈ విషయంలో శిక్షణ ఇవ్వాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. అయితే దేనికి శిక్షణ, ఎంతవరకు, ఆ శిక్షణ పొందిన ఉపాధ్యాయుని వెనుక ఎవరు నిలబడతారు అనే ప్రశ్నలు వెనుకబడుతున్నాయి. పాత చిత్తూరు జిల్లా పాఠశాలల పరిస్థితిని దృష్టిలో పెట్టుకొని ఈ ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసపు ఉద్దేశం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా, ఈ విషయంలో తిరుపతి, చిత్తూరు, మదనపల్లె సమస్యలు విడిపోలేదు కనుక పాత జిల్లాను ఒకటిగానే తీసుకొంటున్నాము.

ఇప్పుడు ఎందుకు?

విశాఖపట్నంలో నీట్ పరీక్షకు శిక్షణ పొందుతూ 2023లో మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతా ఆ తీర్పులో దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చారు. చట్టం వచ్చేవరకు అవే అమలులో ఉంటాయి. వందమంది గాని, అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థ అర్హత గల ఒక కౌన్సెలర్‌నో, మనోవిజ్ఞాన నిపుణునో, సామాజిక కార్యకర్తనో నియమించుకోవాలి. అంతకంటె చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఉండాలి. ఆపదలో ఉన్న విద్యార్థిని గుర్తించడం, ప్రథమ చికిత్సవలె మొదటి మానసిక ఆసరా ఇవ్వడం, సరైన చోటికి పంపడం ఆ శిక్షణలో భాగం.

తీర్పు కోచింగ్ సెంటర్ల గురించి వచ్చినట్లు కనిపించినా పాఠశాలలకు, వసతిగృహాలకు కూడా వర్తిస్తుంది. ఈ పత్రిక పాఠకులలో పాఠశాలలు, హాస్టళ్లు నడిపేవారు కొందరున్నారు గనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాము. వార్డెన్‌ను కూడా "సిబ్బంది" అనే మాటలో కలుపుకోవాలి. రాత్రి పదకొండు గంటలకు మేలుకొని ఉన్న పిల్లవాణ్ణి చూసేది ఆయనే.

ఇది కొత్త ఆలోచన కాదు. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ ఉన్నత పాఠశాలలలో మార్గదర్శకత్వం గురించి చెప్పింది. 1954లో కేంద్రంలో విద్యా, వృత్తి మార్గదర్శక బ్యూరో ఏర్పడింది. 1964-66 కొఠారి కమిషన్ ఇంకొక అడుగు ముందుకు వేసి ఆచరణకు వీలైన లెక్క ఒకటి చెప్పింది. ప్రతి పాఠశాలకు ఒక కౌన్సెలర్ ఇప్పట్లో సాధ్యం కాదు కనుక, పది ఉన్నత పాఠశాలలకు కలిపి ఒక సంచార కౌన్సెలర్ ఉండాలి. సులభమైన పనులలో ఉపాధ్యాయులు ఆయనకు తోడ్పడాలి. ఈ వాక్యాన్ని మనం మొదటి సగం మరచిపోయి రెండవ సగం మాత్రం పట్టుకొన్నాము. సహాయకుడుగా ఉండవలసిన ఉపాధ్యాయుణ్ణే కౌన్సెలర్ అని పిలుస్తున్నాము.

2020లో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కూడా ప్రతి పాఠశాల నుండి ఇద్దరు ఉపాధ్యాయులను ఎంచుకొని, 11 అంశాలలో శిక్షణ ఇచ్చి, ఆరోగ్య రాయబారులుగా పని చేయించే పద్ధతి. మానసిక ఆరోగ్యం ఆ పదకొండులో ఒకటి. మంచి కార్యక్రమమే. అయితే ఆ ఇద్దరూ హాజరు యాప్, మధ్యాహ్న భోజనం లెక్కలు, పదవ తరగతి స్పెషల్ క్లాసులు చూసుకొనే ఆ ఇద్దరే.

నలంద నుండి ఒక పాఠం

ఈ సందర్భంలో బీహార్ రాష్ట్రం నలంద జిల్లాలో జరిగిన ఒక పరిశోధనను మన ప్రాంతపు విద్యావేత్తలు తప్పక తెలుసుకోవాలి. దాని పేరు సెహర్. ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. డెబ్భైకి పైగా ఉన్నత పాఠశాలలను మూడు గుంపులుగా విభజించారు. ఒక గుంపులో బయటినుండి వచ్చి శిక్షణ పొందిన సామాన్య కౌన్సెలర్ పని చేశాడు. ఆయన మనోవైద్యుడు కాడు. రెండవ గుంపులో అదే పనిని అదే పాఠశాల ఉపాధ్యాయుడు చేశాడు. మూడవ గుంపులో ఈ ప్రత్యేక కార్యక్రమం లేదు. పిల్లలు తమ బాధ రాసి వేసే పెట్టె, గోడపత్రిక, బృంద చర్చలు, విడిగా మాట్లాడే అవకాశం మొదలైనవి అందులోని పనులు.

తొమ్మిదవ తరగతి విద్యార్థులలో తేడా స్పష్టంగా కనిపించింది. కౌన్సెలర్ వచ్చిన పాఠశాలలలో వాతావరణం మెరుగైంది, దిగులు తగ్గింది, ఒకరినొకరు ఏడిపించడం తగ్గింది. ఉపాధ్యాయుడే ఆ పని చేసిన పాఠశాలలలో చెప్పుకోదగ్గ మార్పు ఏదీ రాలేదు.

దీనిని చూసి ఉపాధ్యాయులు పనికిరారు అనే నిర్ణయానికి రావడం తొందరపాటు. బెంగళూరు నిమ్హాన్స్‌లో మాలవికా కపూర్, ఆమె సహచరులు 1970ల చివరినుండే ఉపాధ్యాయులకు కౌన్సెలింగ్ శిక్షణ ఇచ్చారు. ఆమె 1997లో ప్రచురించిన "మెంటల్ హెల్త్ ఇన్ ఇండియన్ స్కూల్స్" ఈ రంగంలో పనిచేసేవారు చదవవలసిన గ్రంథం. ఉపాధ్యాయుడు నేర్చుకోగలడు, అందులో మాకు సందేహం లేదు. మా అభిప్రాయంలో చిక్కు రెండుచోట్ల ఉంది. ఒకటి సమయం. రెండవది, మార్కులు వేసే చెయ్యి, మందలించే నోరు, రహస్యం వినవలసిన చెవి ఒకే మనిషివి కావడం. లెక్కల్లో తప్పిన పిల్లవాడు తన భయాన్ని లెక్కల మాస్టారికే చెప్పుకోవాలంటే ఎట్లా? బయటినుండి వచ్చిన కౌన్సెలర్‌కు ఈ చిక్కు లేదు.

అందుచేత మేము ప్రధానోపాధ్యాయులకు ఇచ్చే మొదటి సలహా చాలా చిన్నది. శిక్షణకు పంపే ఉపాధ్యాయుణ్ణి సీనియారిటీని బట్టి ఎంచకండి. పిల్లలు ఎవరిచుట్టూ చేరుతున్నారో చూడండి. చాలా బడులలో అది డ్రిల్ మాస్టారో, డ్రాయింగ్ టీచరో అవుతుంది; వారిచేతిలో పదవ తరగతి మార్కులు ఉండవు. బాలికల విషయంలో ఒక మహిళా ఉపాధ్యాయురాలు తప్పక ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

వినుట అనే పని

మా తొలి శిక్షణా తరగతులలో మేము చేసిన పొరపాటు ఒప్పుకోవాలి. రెండు రోజులు ఫ్రాయిడ్, రోజర్స్ సిద్ధాంతాలు చెప్పి, నోట్సు ఇచ్చి పంపాము. ఉపాధ్యాయులు శ్రద్ధగా రాసుకొన్నారు. తరువాత కలిసినప్పుడు, బడిలో వారు మాట్లాడే తీరు మాత్రం కొంచెమైనా మారలేదని తెలిసింది. అప్పటినుండి సిద్ధాంతం తగ్గించి అభ్యాసం పెంచాము. ఇద్దరు ఉపాధ్యాయులు ముందుకు వచ్చి, ఒకరు గురువుగా, ఒకరు విద్యార్థినిగా మాట్లాడతారు. ఒకే సమస్యను రెండుసార్లు చేయిస్తాము. తొమ్మిదవ తరగతి బాలిక వారం రోజులు బడికి రాలేదు అనుకొందాము. మొదటిసారి సాధారణంగా ఇట్లా సాగుతుంది:

"ఏమ్మా, వారం నుంచి కనపడలేదు? ఇట్లైతే వచ్చే ఏడు పదిలో ఏం రాస్తావు? మీ అమ్మానాయనా అంత కష్టపడి చదివిస్తా ఉంటే నీకు బాధ్యత ఉండొద్దా?"

"రేపట్నుంచి వస్తాను సార్."

సంభాషణ అంతటితో ముగుస్తుంది. గురువు పాత్రధారి తృప్తిగా కూర్చుంటాడు. పిల్ల ఎందుకు రాలేదో గదిలో ఎవరికీ తెలియదు. రెండవసారికి ఒక్కటే నియమం పెడతాము: గురువు ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చాక మనసులో పది లెక్కపెట్టి గాని మళ్లీ నోరు తెరవకూడదు.

"వారం రోజులు కనపడలేదే అమ్మా. ఇంట్లో అందరూ బాగుండారా?"

"బాగుండారు సార్."

(మౌనం.)

"మా నాయన బెంగళూరు పనికి పోయినాడు సార్. అమ్మకు నడుము నొప్పి. ఆవుల్ని నేనే చూసుకోవాల. పాలకేంద్రంలో పాలు పోసి వచ్చేతలికి బస్సు పోతా ఉంది."

ఈ పిల్లకు కావలసినది మనోవైద్యం కాదని అందరికీ అర్థమవుతుంది. పాలు పోయడానికి పొరుగింటివారి సాయం అడగవచ్చునా, ఆమె ఉదయపు మొదటి పీరియడ్ పాఠాన్ని మరొకప్పుడు చెప్పవచ్చునా, తల్లితో ఎవరు మాట్లాడాలి అనేవే ప్రశ్నలు. పాడిమీద, బెంగళూరు, చెన్నై కూలిమీద ఆధారపడిన మన పడమటి మండలాలలో పిల్లల "ప్రవర్తనా సమస్యలు" అని రాసినవాటిలో చాలాభాగం ఇట్లాంటివే. ఆ పది అంకెల మౌనం ఉపాధ్యాయులకు ఎంత కష్టమో చూసినవారికే తెలుస్తుంది. బోధించడం వృత్తిగా గలవారందరికీ, ఈ సెమినరీలో ఉన్న మాతో సహా, అదే కష్టం.

ఇక్కడ భాష గురించి ఒక మాట. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలున్నారు. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలుస్తాయి. బడిలో తెలుగు, ఇంగ్లీషు చదివే పిల్ల దుఃఖం వచ్చినప్పుడు ఇంటి భాషలోకి పోతుంది. అర్థం కాకపోతే "మళ్లీ చెప్పమ్మా" అనడానికి ఉపాధ్యాయుడు సిగ్గుపడకూడదు. ఆ భాష తెలిసిన సహోపాధ్యాయురాలిని పిలవాలన్నా, ముందు పిల్లను అడగాలి.

చెప్పకూడనిది, చెప్పి తీరవలసినది

శిక్షణలో అన్నిటికంటె ఎక్కువ వాదోపవాదాలు జరిగేది రహస్యం దగ్గర. పిల్లలు మొదటే అడుగుతారు: "ఎవురికీ చెప్పకూడదు సార్, ఒట్టెయ్యండి." మంచి మనసున్న ఉపాధ్యాయుడు ఒట్టు వేస్తాడు. అదే తప్పు. వేయవలసిన మాట వేరు: "నువ్వు చెప్పేది స్టాఫ్ రూములో చెప్పను, నీ ఫ్రెండ్స్‌కు చెప్పను. నీకు గాని ఇంకొకరికి గాని ప్రమాదం ఉందనుకుంటే మాత్రం సాయం చేయగలిగే ఒకరికి చెప్తాను. చెప్పే ముందు నీకే చెప్తాను." ఈ నాలుగు వాక్యాలను ఉపాధ్యాయులు తమ మాటల్లో పైకి పలికేంతవరకు మేము వదలము.

ఇందుకు చట్టపరమైన కారణం కూడా ఉంది. 2012 పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంటుంది. సంస్థ అధిపతికి అది ఎక్కువ. "బడి పరువు పోతుంది", "పిల్ల భవిష్యత్తు ఏమవుతుంది" అనే మాటలు మనం వింటూనే ఉంటాము. పరువు కోసం దాచిన బడిలో ఆ పిల్ల మరునాడు కూడా అదే మనిషి ముందు కూర్చోవలసి వస్తుంది. బాల్యవివాహం సంగతి తెలిసినా మౌనంగా ఉండరాదు. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

ఆత్మహత్య గురించి పిల్లవాణ్ణి సూటిగా అడగవచ్చునా అని ప్రతి శిక్షణలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే లేని ఆలోచన కలిగించినట్లు అవుతుందని భయం. ఈ భయానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థతో సహా నిపుణులందరూ చెబుతున్నారు. "చచ్చిపోవాలని అనిపిస్తా ఉందా?" అని నెమ్మదిగా, తిట్టకుండా అడిగితే చాలామంది పిల్లలకు భారం దిగినట్లవుతుంది. అవునని చెప్పిన పిల్లను ఆ రోజు ఒంటరిగా ఇంటికి పంపకూడదు. ఇంట్లో నమ్మదగిన పెద్దవారికి అప్పగించాలి. అదే రోజు వైద్యసహాయం కోసం ప్రయత్నం మొదలుపెట్టాలి. పగలైనా రాత్రైనా టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవ తెలుగులోనూ దొరుకుతుంది.

పంపవలసిన చోటు తెలియకపోవడం వల్లనే చాలామంది ఉపాధ్యాయులు తమ శక్తికి మించిన బరువు మోస్తున్నారు. మన ప్రాంతం ఈ విషయంలో అంత పేదది కాదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరువారికి వేలూరు దగ్గరే. అక్కడ బాగాయంలోని సి.ఎం.సి. మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో కుటుంబసభ్యులు కూడా ఉండి చికిత్సలో పాలుపంచుకొనే పద్ధతి దశాబ్దాలుగా ఉంది. మదనపల్లె, కుప్పం వైపువారు బెంగళూరు నిమ్హాన్స్‌కు పోవచ్చు. ఉపాధ్యాయుడు చేయవలసినది ఈ చోట్లలో ఔట్‌పేషెంట్ రోజులు, వేళలు ముందుగానే తెలుసుకొని ఒక కాగితంమీద రాసి పెట్టుకోవడం. అవసరం వచ్చిన రోజు వెతకడం మొదలుపెడితే ఆ తల్లిదండ్రులు ఆసుపత్రికి బదులు మరొక చోటికి పోతారు.

మరింత లోతుగా నేర్చుకోదలచినవారికి ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి డిప్లొమా ఉంది. పని చేస్తున్న ఉపాధ్యాయులకు అనుకూలంగా రూపొందించిన ఏడాది కోర్సు ఇది. మొదటి ఆరు నెలలు దూరవిద్యగా, మూడు నెలలు కేంద్రంలో ముఖాముఖిగా, చివరి మూడు నెలలు సొంత ఊరిలో అభ్యాసంగా సాగుతుంది. దక్షిణాది రాష్ట్రాలవారికి మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థ కేంద్రం. మూడు నెలలు బడి వదలి మైసూరులో ఉండటం ఒంటి ఉపాధ్యాయ పాఠశాలవారికి ఎట్లాగూ కుదరదు. చిన్న యాజమాన్యాల ఉపాధ్యాయులకు జీతం నష్టం. కొఠారి కమిషన్ చెప్పిన పది పాఠశాలల లెక్క మళ్లీ గుర్తుకు వచ్చేది ఇక్కడే. ఒక స్కూలు కాంప్లెక్సుకు ఒక్కరు ఈ డిప్లొమా చేసి, మిగిలిన బడుల ఉపాధ్యాయులతో నెలకొకసారి కూర్చుంటే చాలావరకు పని జరుగుతుంది. కౌన్సెలర్లను, సామాజిక కార్యకర్తలను స్కూలు కాంప్లెక్సులు ఉమ్మడిగా వాడుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. ప్రైవేటు, మిషన్ యాజమాన్యాలు పక్కపక్కనే ఉండి కూడా ఇట్లా కలవడానికి ఎందుకు వెనుకాడుతున్నాయో మాకు అర్థం కాదు.

పదవ తరగతి తరువాత

వృత్తి మార్గదర్శకత్వం గురించి విడిగా ఒక వ్యాసమే రాయాలి. ఇక్కడ ఒక్క విషయం మాత్రం. ఆంధ్రప్రదేశ్ పదవ తరగతి ఫలితాలు 2024లో ఏప్రిల్ 22న, 2025లో ఏప్రిల్ 23న వచ్చాయి. రెండు సంవత్సరాలలోనూ ఏప్రిల్ 24నుండి వేసవి సెలవులు. అంటే పిల్లకు ఉపాధ్యాయుడు అన్నిటికంటె అవసరమైన వారంలో బడికి తాళం పడి ఉంటుంది. ఎం.పి.సి.నా, బైపీసీనా, పాలిటెక్నికా, ఐ.టి.ఐ.నా అనే నిర్ణయాన్ని ఇంటింటికీ తిరిగే కళాశాలల పి.ఆర్.ఓ.లు చేసేస్తారు. తప్పినవారితో మాట్లాడేవారు ఎవరూ ఉండరు. మరుసటి నెలలోనే సప్లిమెంటరీ పరీక్ష ఉందని, అందులో గట్టెక్కితే చదువు సంవత్సరం పోదని తెలియని తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు.

కనుక శిక్షణ పొందిన ఉపాధ్యాయుల చేత మార్చిలోనే ఒక జాబితా తయారు చేయిస్తున్నాము. తప్పే అవకాశం ఉన్నవారు మాత్రమే కాదు. మొదటి మార్కులు వస్తాయని ఊరంతా ఎదురుచూస్తున్నవారు కూడా అందులో ఉండాలి. ఫలితాల రోజు సాయంత్రంలోగా ఆ ఇళ్లకు ఫోన్ చేయాలి. మొదట మార్కులు అడగకూడదు. "తిన్నావా?" అని అడిగితే చాలు, మిగిలినది పిల్లే చెబుతుంది.

ఇంకా తేలని విషయం ఒకటి ఉంది. విద్యార్థులతో మాట్లాడిన ఉపాధ్యాయుడు క్లుప్తంగా తేదీ, సంగతి, తీసుకొన్న చర్య రాసుకొని తాళం వేసి ఉంచాలని నేర్పుతున్నాము. బదిలీలు వచ్చినప్పుడు ఆ పుస్తకం ఏం కావాలి? ప్రధానోపాధ్యాయుని బీరువాలో పెడితే ఎవరైనా చదువుతారు. చింపివేస్తే, మళ్లీ మొదటినుండి చెప్పుకోవలసిన పిల్ల ఇక చెప్పదు. ప్రస్తుతానికి మేము సూచిస్తున్నది ఇది: బదిలీ ఉత్తర్వు రాగానే ఇంకా మాట్లాడవలసి ఉన్న పిల్లలను ఒక్కొక్కరిని పిలిచి, "నేను పోతున్నాను. ఆ విషయం కొత్త మేడమ్‌కు చెప్పమంటావా, నువ్వే చెప్తావా, చెప్పొద్దంటావా?" అని అడగాలి. చెప్పమన్నవారి సంగతే కొత్తవారికి అప్పగించాలి. ప్రమాదం ఉన్న పిల్లల విషయం మాత్రం ఆ పిల్లకు తెలియజేసి, తప్పక అప్పగించాలి. మిగిలిన పేజీలు ఆ పిల్లల ఎదుటే చింపివేయవచ్చు.